రెండు నాల్కల వాదము

హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థవారు మన సాంబ మసూరి జన్యువును సవరించి ‘కమల’ యను క్రొత్త వంగడమును పుట్టించిరి. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థవారు మారుటేరు కాటన్ దొర సన్నాలను కరవుకు, చవుటికి ఓర్చునట్లు సవరించి ‘పూసా డి.ఎస్.టి. రైస్ 1’ అని పేరిడిరి. 2025 మే 4వ తేదీన కేంద్ర వ్యవసాయ మంత్రి ఈ రెంటిని దేశమునకు ప్రకటించెను. నాటినుండి ఒక పక్షమువారు జయజయధ్వానములు సలుపుచుండ, వేరొక పక్షమువారు విషము విషమని కేకలు వేయుచున్నారు. బాపట్లలో పుట్టి మన కంచముల నిండిన బియ్యమును గూర్చిన తగవిది. దీనిలో జొరక మనకును తప్పదు.

విషమనువారి మాట మొదట విచారింతము. కమలలో అన్యజీవి జన్యు వేదియు మిగుల్చబడలేదు. కంకిలో గింజల సంఖ్యకు కళ్ళెము వేయు ఒక జన్యువు పని మందగించునట్లు చేయబడినది, అంతియే. జపానులో హబాటకి యను వరియందు ఆ జన్యువే స్వభావసిద్ధముగా మందగించి గింజలు హెచ్చినవని అచ్చటి శాస్త్రజ్ఞులు 2005లోనే వెల్లడించిరి. అంతదూర మేల? సాంబ మసూరి పూర్వులలో నొకటియగు జి.ఇ.బి. 24 యను వరి, కోనామణి పైరునందు తనంతట కలిగిన మార్పునుండి ఏరబడి, 1921లో కోయంబత్తూరునుండి వెలువడినది. ప్రకృతి చేసిన సవరణను మనము మూడు పూటల భుజించుచున్నామన్నమాట! ట్రాంబేలో అణుకిరణములచే జన్యువులను కలచివేసి పుట్టించిన వేరుసెనగ రకములను నిశ్చింతగా విత్తుచున్నాము, తినుచున్నాము. ఐరోపా న్యాయస్థానమువారు 2018 జులైలో, కిరణములతో గ్రుడ్డిగా కొట్టిన విత్తునకు మినహాయింపును, గురిచూచి సవరించిన విత్తునకు కఠిన నిర్బంధమును విధించిరి. ఇది యెక్కడి తర్కమో మాకు దురవగాహము.

కావున కమలను చూచి భయపడుమని మేము చెప్పము. అయినను జయధ్వానములలో గొంతు కలుపము.

కేంద్ర ప్రభుత్వమువారు 2022 మార్చి 30న ఒక ఉత్తరువు వెలువరించి, అన్య జన్యు పదార్థము లేని ఇట్టి సవరణలను 1989 నిబంధనలలోని 7 మొదలు 11 వరకు గల నియమములనుండి తప్పించిరి. మంచిదే. కాని అన్య పదార్థము లేదని మొదట తేల్చున దెవరు? సవరించిన సంస్థలోని జీవభద్రతా సంఘమే! పై సంఘమునకు ఆ తీర్పు తెలియజేయబడును. వాదియే న్యాయాధిపతి పీఠ మెక్కినచో తీర్పు న్యాయమైనను జనులు నమ్ముదురా? సాంబ మసూరి హెక్టారునకు 4.5 టన్నులు పండగా కమల 5.37 టన్నులు పండునని, కోత 20 దినములు ముందు వచ్చునని ప్రకటించిరి. ఆ యేడే కొందరు ప్రభుత్వ పరీక్షల లెక్కలనే చూపి అంత ఫలము లేదని ఆక్షేపించిరి. పరిశోధన పరిషత్తువారు ఖండించిరి. ఖండించినంతమాత్రమున తగవు తీరునా? ఏ పొలమున ఎన్ని బస్తాలు పండినదో, ఓడిన పొలముల లెక్కలతో సహా, తెలుగున అచ్చువేసి బయటపెట్టుడు.

అంతకంటె పెద్ద మాట ఇంకొకటి యున్నది. ఈ సవరణకు సాధనమైన క్రిస్పర్ పద్ధతికి 2020లో షార్పెంటియే, డౌడ్నా యను విదుషీమణులు నోబెల్ బహుమానము నందిరి. ఆ పద్ధతిపై పేటెంట్లు విదేశీయ సంస్థల చేతులలో నున్నవి. నియంత్రణాధికారి యెదుట ‘ఇది ప్రకృతి చేయు పనియే, పరీక్ష లేల?’ అని, పేటెంటు కచేరీ యెదుట ‘ఇది మా సృష్టి, రుసుము చెల్లింపుడు’ అని చెప్పు వారిని లోకమున చూచుచున్నాము. ఒకే నోట రెండు నాల్కలు! ప్రకృతి పనియైనచో దానిపై గుత్త యెట్లు? సృష్టియైనచో పరీక్షకు వెరపేల? మన 1970 పేటెంట్ల చట్టము మొక్కలకు, విత్తనములకు పేటెంటు నిరాకరించుచున్నది. 2001 చట్టపు 39వ సెక్షను రైతు తన పంట విత్తనమును దాచుకొను, మార్చుకొను హక్కును కాపాడుచున్నది. కాని గుత్త తలుపునుండి రాకున్న కిటికీనుండి వచ్చును. బి.టి. ప్రత్తి ప్యాకెట్టు 1,600 రూపాయలకు అమ్మిన దినములను తెలుగు రైతు మరువలేదు. అందు అధికభాగము జన్యువు యజమానికి పోవు రుసుమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషను నాశ్రయించి పోరాడిన మీదటగాని వెల 750కి దిగలేదు. ప్రత్తి వలె వరికిని ఏటేట క్రొత్త విత్తనము కొనవలసివచ్చినచో చిన్న రైతు గతి యేమి?

కమల ప్రభుత్వ ధనముతో, ప్రజల మూలవిత్తనమునుండి పుట్టినది. కావున ఏ షరతులపై ఆ విదేశీయ సాధనమును వాడుకొనిరో, విత్తనమమ్మునపుడు ఎవరికి ఎంత చెల్లవలయునో, రైతు మరుసటి యేడు తన గాదెలోని గింజనే చల్లుకొనవచ్చునో లేదో, ఆ ఒడంబడికను తెలుగున అచ్చొత్తించి ప్రతి మండల వ్యవసాయ కార్యాలయపు గోడకు అంటింపవలయును. అంగట బస్తా విప్పకమునుపే ఆ పని జరుగవలయును.