అమ్మ ఎవరి వంతు?



తండ్రి జ్ఞాపకార్థ కూటం ముగిసి, బంధువులు ఊళ్లకు వెళ్లిపోయాక చాలా ఇళ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది: అమ్మ ఎవరి వంతు? పెద్దవాడి దగ్గర నాలుగు నెలలు, నడిపివాడి దగ్గర నాలుగు నెలలు, చిన్నవాడి దగ్గర నాలుగు నెలలు అని తేలుస్తారు. ఇద్దరూ బతికే ఉంటే నాన్న ఒకరి దగ్గర, అమ్మ మరొకరి దగ్గర. నలభై యాభై ఏళ్లు కాపురం చేసిన దంపతులు క్రిస్మసుకో, మనవరాలి పెళ్లికో కలుసుకుంటారు. ఆ పిల్లలు చెడ్డవాళ్లేమీ కారు. ఇల్లు ఇరుకు, అద్దె ఎక్కువ, జీతం తక్కువ. అయినా ఆ పంపకంలో ఒక సంగతి గమనించండి. నెలలు లెక్కపెట్టారు, ఖర్చులు లెక్కపెట్టారు. నువ్వెక్కడ ఉంటావమ్మా అని ఆమెను అడిగినవారు లేరు.

వంతు అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. వరుస ప్రకారం మీద పడే పని ఒకటి. న్యాయంగా దక్కవలసిన వాటా మరొకటి. మొదటి అర్థంలో మన పెద్దలు మన వంతు అవుతూనే ఉన్నారు. రెండో అర్థంలో వారికి దక్కవలసిన వంతు దక్కుతోందా అన్నదే ఈసారి మనం ఆలోచించవలసిన విషయం.

సొంత రాష్ట్రం దాటి తరాలు గడిచిన మన కుటుంబాల్లో ఈ ప్రశ్న మరింత బరువుగా ఉంటుంది. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ తరువాతి తరం తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతోంది. పగలంతా ఇంట్లో మిగిలేది ముసలివాళ్లే. షోలాపూర్‌లో మగ్గాల దగ్గర, బీడీల చాటల ముందు వయసు కరిగించినవారి పిల్లలు పుణెకో ముంబైకో పోతున్నారు. బరంపురం, రాయగడల నుంచి విశాఖకు, యానాం నుంచి కాకినాడకో హైదరాబాదుకో పోతున్నారు. పిల్లలు వెళ్లక తప్పదు. వాళ్లు వెళ్లాలనే కదా తల్లిదండ్రులు చదివించింది. కాని ఆ వెళ్లడానికి అయ్యే ఖర్చులో కొంత భాగం ఇంట్లో మిగిలినవారు ఒంటరితనంతో చెల్లిస్తున్నారని మరచిపోకూడదు.

ఈ వయసు అంతా కష్టమే అనడం కూడా సరి కాదు. పిల్లల పెళ్లిళ్లయ్యాక, ఇల్లు నిమ్మళించాక, భార్యాభర్తలు మొదటిసారి తీరిగ్గా ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగే రోజులివి. కొడుకుతో ఎన్నడూ నవ్వుతూ మాట్లాడని తాతయ్య మనవరాలికి గుర్రమై వంగుతాడు. అమ్మమ్మ పక్కన పడుకుంటేనే మనవడికి నిద్ర పడుతుంది. పాటల పుస్తకం తెరవకుండానే అయిదు చరణాలూ పాడగలిగిన ముసలమ్మ ప్రతి సంఘంలోనూ ఉంటుంది. వారు ఇంకా ఇస్తూనే ఉన్నారు. ఇచ్చేవారిని బరువుగా లెక్కగట్టడమే అన్యాయం.

తొలి సంఘంలో వచ్చిన ఒక తగవును గుర్తు చేసుకుందాం. అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయంలో ఉంది. విశ్వాసుల సంఖ్య పెరుగుతున్న రోజుల్లో గ్రీకు భాష మాట్లాడేవారు సణిగారు. రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్నది వారి ఫిర్యాదు. తగవు సిద్ధాంతం గురించి కాదు, పూట గడవడం గురించి. అన్యాయం జరిగింది భర్తలు లేని స్త్రీలకు, అందులోనూ వేరే భాష మాట్లాడేవారికి. అపొస్తలులు ఆ సణుగుడును కొట్టిపారేయలేదు. అందరం కొంచెం ఎక్కువ ప్రేమగా ఉందామని చెప్పి ఊరుకోలేదు. ఏడుగురిని ఎన్నుకోమని చెప్పి, ఆ పని వారికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోయినవారి భాష తెలిసినవారికే బాధ్యత దక్కిందన్నమాట. పెద్దల విషయంలో మన ఇళ్లకూ మన సంఘాలకూ ఇంతకన్నా మంచి పాఠం అక్కర్లేదు.

భాష సంగతే ముందు చూద్దాం. మన మనవలు కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో చదువుతున్నారు. అది వారి హక్కు, వారి బతుకుతెరువు. కాని ఆసుపత్రిలో ఏం జరుగుతోందో చూడండి. నాయనమ్మ ఒక నొప్పిని సలుపు అంటుంది, ఒకదాన్ని పోటు అంటుంది, అరికాలులో మంట అంటుంది, వేళ్లలో తిమ్మిరి అంటుంది. మనవడు డాక్టరుకు చెప్పేది ఒక్కటే: కాలు నొప్పట. మంట, తిమ్మిరి మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నదానికి గుర్తులు కావచ్చు. నొప్పి మాత్ర రాయించుకుని ఇంటికొస్తే అసలు జబ్బు అలాగే ఉంటుంది. ఇంట్లో తెలుగు తగ్గిపోతే పోయేది పద్యాలూ సామెతలూ మాత్రమే అనుకుంటాం. ముసలివారి ఒంటి బాధ చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది. యౌవనస్థులారా, మీ నాయనమ్మ నొప్పికి పెట్టే పేర్లు నేర్చుకోండి. అది చిన్న సేవ కాదు.

ఇక పని. ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. ఆమె వంటింటి నుంచి రిటైరు కాలేదు. ఇప్పుడు ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటాడు కాబట్టి ఆమెకు రెండు కాఫీలు ఎక్కువయ్యాయి. దీనికి తోడు మనవల పెంపకం. కొడుకూ కోడలూ పనికి వెళ్తే పిల్లల స్నానం, అన్నం, బడి అన్నీ అరవై అయిదేళ్ల మోకాళ్ల మీదే నడుస్తాయి. దాన్ని కాలక్షేపం అంటాం. మంచాన పడ్డప్పుడు ఆ చాకిరీ అంతా కోడలి మీదికి మారుతుంది. పగలు ఉద్యోగం, రాత్రి అత్తగారి పడక. కొడుకు తలుపు దగ్గర నిలబడి ఎలా ఉన్నావమ్మా అని అడిగి వెళ్లిపోతే, అతన్ని మంచి కొడుకంటారు. మొదటి తిమోతి పత్రిక అయిదో అధ్యాయం ఈ బాధ్యతను పిల్లల మీద, మనవల మీద పెట్టింది. కోడళ్లనే ప్రత్యేకంగా పేర్కొనలేదు. తండ్రికి స్నానం చేయించడం, తల్లికి మందు వేళకు ఇవ్వడం మగవాళ్లు చేతనైనంత కాదు, వంతు ప్రకారం చేయాలి. వంతు అనే మాటకు అక్కడ సరైన చోటు దొరుకుతుంది.

డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడతాం. కాని ముసలితనంలో మర్యాద చాలావరకు చేతిలోని డబ్బును బట్టే ఉంటుంది. జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం ఇచ్చే వాటా 60 నుంచి 79 ఏళ్ల పేదలకు నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500 రూపాయలు. ఏళ్లు గడిచినా ఆ మొత్తం కదలలేదు. రాష్ట్రాలు కలిపే సొమ్ము ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అది కూడా అందాలంటే ఆధార్ ఉండాలి, వేలిముద్ర పడాలి. బీడీలు చుట్టి, బట్టలుతికి, చీపురు పట్టి అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తించకపోతే ఆ నెల తిరుగుడే మిగులుతుంది. 70 నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం 2024 అక్టోబరులో మొదలైంది. మన ఇళ్లలో ఎంతమంది ఆ కార్డు తీసుకున్నారో ఈ వారమే అడిగి చూడండి.

ఆస్తి ఉన్న ఇళ్లలో మరో చిక్కు. ఇల్లు పిల్లల పేర రాసేశాక చూపు మారిన కథలు మనం వింటూనే ఉన్నాం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూడని పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించమని ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. తమను చూసుకోవాలన్న షరతుతో దానంగా రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించుకోవచ్చు. కాబట్టి రాసేటప్పుడే ఆ షరతును పత్రంలో స్పష్టంగా పెట్టించుకోండి. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉంది. ఇంకో సంగతి. భారత వారసత్వ చట్టం 1925 ప్రకారం వీలునామా లేకుండా క్రైస్తవుడు మరణిస్తే భార్యకు మూడో వంతు, మిగిలినది పిల్లలందరికీ సమానం. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. అయినా ఆస్తి దగ్గర కూతురి చేత హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించి, అమ్మ జబ్బు పడ్డప్పుడు మాత్రం కూతురికే ఫోను చేసే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు.

చట్టం ఉందని ప్రతి తల్లీ మెట్లెక్కదు. పరువు పోతుందని, కొడుక్కి శిక్ష పడుతుందని భయపడుతుంది. అందుకే విషయం అక్కడిదాకా రాకముందే సంఘం కల్పించుకోవాలి. దేవునికి అర్పించేశామని చెప్పి తల్లిదండ్రులకు ఇవ్వవలసినది ఎగ్గొట్టిన ఆచారాన్ని ప్రభువు ఎంత గట్టిగా ఖండించాడో మార్కు సువార్త ఏడో అధ్యాయంలో చదువుతాం. మందిర నిర్మాణానికి కానుక ప్రకటించిన ఇంట్లో తల్లి కళ్లద్దాలు మూడో నెల కూడా వాయిదా పడుతుంటే, ఆ మాటలు మనకూ వర్తిస్తాయి.

పెద్దలకూ ఒక మనవి. అడగని సలహాలు తగ్గించండి. ఒక కోడలి ముందు ఇంకో కోడలిని పొగడకండి. బ్యాంకు పుస్తకం, ఇంటి కాగితాలు, బీమా పత్రాలు ఎక్కడున్నాయో నమ్మకమైనవారు ఇద్దరికి చెప్పి ఉంచండి. వీలునామా రాయడం చావును పిలవడం కాదు, పిల్లల మధ్య తగవును ఆపడం. మీకేం కావాలో నోరు తెరిచి చెప్పండి. ఏమీ వద్దులే అని చెప్పి, లోపల కుమిలిపోవడం ఎవరికీ మేలు చేయదు.

మన సంఘాలు చేయగలిగిన పని చాలా చిన్నది. సంఘంలో 60 దాటినవారి పేర్లు ఒక పుస్తకంలో రాయండి. ఒంటరిగా ఉన్నవారికి ఒక్కొక్కరికి ఇద్దరేసి యౌవనస్థులను పేరు పెట్టి అప్పగించండి. ఆసుపత్రికి తోడు వెళ్లడం, అక్కడ వారి మాటను సరిగ్గా చెప్పడం, పింఛను కాగితాలు చూడడం, వారానికోసారి అరగంట కూర్చుని మాట్లాడడం వారి పని. అందరి పని ఎవరి పనీ కాదు కాబట్టే తొలి సంఘం ఏడుగురిని ఎన్నుకుంది.

ఇంట్లో చేయవలసినది ఇంకా చిన్నది. ఈసారి నెలలు పంచుకునే ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి. ఎక్కడ ఉంటావు, ఏం తింటావు, ఏది నీ దగ్గర ఉంచమంటావు అని. ఆమె చెప్పినదంతా చేయలేకపోవచ్చు. అడిగించుకోవడం మాత్రం ఆమె వంతు. దాన్ని ఎగ్గొట్టకండి.