తీర్పు బహిరంగం, నకలు రహస్యమా?

కోర్టు తలుపులు మూసి విచారణ చేయొద్దన్నది ఈ దేశంలో చట్టం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను 1976లో సవరించి 153-బి సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగా రాసిన్రు. క్రిమినల్ కేసులకూ ఇదే నియమం. అంటే మర్రిగూడ మండలంలోని వట్టిపల్లి నుంచో ఖుదాభక్షుపల్లి నుంచో పోయిన గొర్లకాపరి కూడా జిల్లా కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూసోని, ఎవరి కేసునైనా మొదటి నుంచి చివరి దాకా వినొచ్చు. నువ్వెవరు, ఎందుకొచ్చినవని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మరి అదే మనిషి బయటికొచ్చి, అదే కేసు తీర్పు నకలు కావాలని అడిగితే ఏమైతది? నువ్వు కేసులో పార్టీవా అని అడుగుతరు. కాదంటే ఎందుకు కావాలో అఫిడవిట్ రాసి దాఖలు చెయ్యమంటరు. జడ్జిగారు ఒప్పుకుంటేనే నకలు. చెవులతో వింటే బహిరంగం, కాగితం మీద చదివితే రహస్యం! ఈ రెండు మాటలు ఒక్క గోడకింద ఎట్ల కాపురం చేస్తున్నయని మేం అడుగుతున్నం.

ఇది వకీళ్ల తగాదా, మనకెందుకులే అనుకునేటోళ్లు ఒక్క నిమిషం ఆగాలె. ఇది భూమి సంగతి, పరిహారం సంగతి.

మూడు నెలల గడువు ఎవరికి తెలుసు?

2015 జూన్‌లో శివన్నగూడెంలో డిండి ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన మండలానికి కృష్ణా నీళ్లొస్తయంటే ఎవరు కాదంటరు? కానీ జలాశయం కట్టాలంటే భూములు పోవాలె, ఇండ్లు పోవాలె. పోయినయి. నర్సిరెడ్డిగూడెం వంటి ఊర్ల జనం పరిహారం కోసం ఎన్ని ధర్నాలు చేసిన్రో ఈ జిల్లాకంతా తెలుసు.

2013 భూసేకరణ చట్టంలో 73వ సెక్షన్ అని ఒకటున్నది. ఒకే నోటిఫికేషన్ కింద పది మంది భూములు పోయినయనుకుందాం. అందులో ఒక్కడే ధైర్యం చేసి పరిహారం చాలదని కొట్లాడిండు. అథారిటీ అతనికి ఎకరానికి ఎక్కువ ధర కట్టింది. అప్పుడు కొట్లాడని మిగతా తొమ్మిది మంది కూడా మాకూ అదే ధర కట్టాలని కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1894 నాటి పాత చట్టంలోనూ 28-ఎ సెక్షన్ కింద ఇదే హక్కు ఉండె. వకీలును పెట్టుకునే స్తోమత లేని రైతు కోసమే ఈ సెక్షన్ పుట్టింది.

అయితే దానికొక మెలిక ఉన్నది. తీర్పు వచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపే దరఖాస్తు పడాలె. రైతుకు తెలిసిన తేదీ నుంచి కాదు, తీర్పు తేదీ నుంచి. పాత చట్టం కింద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ ముచ్చట తేల్చి చెప్పింది కూడా. నకలు తీసుకోవడానికి పట్టిన రోజులను మాత్రం గడువులోంచి తీసేస్తరు.

ఇప్పుడు చెప్పండి. తీర్పు వచ్చిందని ఆ తొమ్మిది మందికి చెప్పేదెవరు? గ్రామ పంచాయతీలో నోటీసు అంటిస్తరా? డప్పు చాటింపు వేస్తరా? ఏదీ లేదు. ఎట్లనో చెవిన పడి కచేరీకి పోతే నువ్వు పార్టీవి కాదంటరు. హక్కేమో పార్టీ కానోళ్ల కోసమే ఇచ్చిన్రు, నకలేమో పార్టీ అయినోళ్లకే తేలికగా ఇస్తరు. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో గుంజుకోవడమంటే ఇదే.

నకలు తీసే తొవ్వ

పార్టీ అయినోడి కష్టమన్నా తక్కువా? మర్రిగూడలో కోర్టు లేదు. నకలు కోసం పోవడమంటే ఒక దినం కూలి పోయినట్టే. ముందుగాల కేసు నంబరు, సంవత్సరం, ఏ కోర్టో చెప్పాలె. పెండ్లి పత్రిక దాచిపెట్టినోళ్లం కేసు నంబరు రాసిపెట్టుకోం. అది వకీలు దగ్గరున్నది, వకీలు కాలం చేసిండు, కట్ట ఎవరి దగ్గరున్నదో తెల్వదు. మన ఊర్లల్ల సగం కేసుల కథ ఇదే.

నంబరు దొరికితే కోర్టు ఫీజు స్టాంపు అంటించి కాపీ అప్లికేషన్ పెట్టాలె. తర్వాత ఛార్జీలు ఎంత కట్టాలో నోటీసు బోర్డు మీద పెడ్తరు. అది చూసుకోవడానికి మళ్లొకసారి పోవాలె. కట్టినంక నకలు తయారయ్యే దాకా ఆగి మూడోసారి పోవాలె. మూడు సార్లు బస్సు చార్జీలు, మూడు రోజుల కూలి. నకలు ఖర్చు కంటే దాని కోసం తిరిగిన ఖర్చే ఎక్కువ.

ఇక్కడ మన జనం తెలుసుకోవాల్సిన సంగతి ఒకటున్నది. నకలు మీద ఒక ముద్ర ఉంటది. దరఖాస్తు పెట్టిన తేదీ, ఛార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు తయారైన తేదీ, ఇచ్చిన తేదీ దానిమీద రాస్తరు. దాన్ని ఊరికే చూసి మడత పెట్టొద్దు. కింది కోర్టు తీర్పు మీద జిల్లా కోర్టుకు అప్పీలు పోవాలంటే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు గడువు. 1963 లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నకలు కోసం పట్టిన కాలం ఈ గడువులోకి రాదు. కానీ దరఖాస్తు పెట్టడంలో మనమే ఆలస్యం చేసినా, అడిగిన ఛార్జీలు కట్టకుండా తిరిగినా ఆ రోజులు మన నెత్తినే పడ్తయి. అందుకే తీర్పు చెప్పిన రోజే నకలు దరఖాస్తు పడాలె. క్రిమినల్ కేసులో జైలుశిక్ష పడ్డ ముద్దాయికైతే తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెప్తున్నది. ఈ ముక్క ఎంతమంది ముద్దాయిలకు తెలుసు?

కంప్యూటర్‌లో ఉన్నది, కానీ మన భాషలో లేదు

అన్నీ ఈ-కోర్ట్స్‌లో పెట్టినం, ఫోన్లోనే చూసుకోవచ్చు కదా అంటరు. నిజమే, ఆ పని కొంత జరిగింది. 2007లో మొదలైన ఈ పథకం మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్రం 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలతో ఒక సీఎన్ఆర్ నంబరు ఇస్తున్నరు. అది చేతిలో ఉంటే వాయిదా తేదీ, కేసు ఏ దశలో ఉన్నది, ఎక్కించిన తీర్పులు ఎవరైనా పైసా కట్టకుండా చూడొచ్చు. ఇది మంచి పనే, మేం కాదనం.

కానీ వెతికే తీరు చూడండి. కేసు నంబరుతో వెతకొచ్చు, పార్టీ పేరుతో వెతకొచ్చు, వకీలు పేరుతో వెతకొచ్చు, ఠాణా, ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకొచ్చు. ఊరి పేరుతో వెతికే వీల్లేదు. మన దగ్గర ఒక్క యాదయ్య పేరును ఇంగ్లీషులో ఎన్ని తీర్ల రాస్తరు? గుమాస్తా ఏ స్పెల్లింగు కొట్టిండో ఆ దేవునికే ఎరుక. ఒక్క అక్షరం తేడా పడితే కేసే లేదని చూపెడ్తది. దొరికినా అది చదువుకోవడానికే. అధికారికంగా దాఖలు చెయ్యాలంటే ముద్ర ఉన్న నకలే కావాలె. ఇగ కంప్యూటర్లు రాకముందు కేసులంటరా, అవి రికార్డు రూములో బట్ట కట్టిన మూటల్లోనే ఉన్నయి. అవి కూడా శాశ్వతం కాదు. గడువు తీరిన కాగితాలను నాశనం చేసే అధికారం 1917 నాటి చట్టం ఒకటి ఇచ్చింది.

దానికితోడు సరిహద్దులు మారినయి. 2016లో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. 2022లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులొచ్చినయి. కోర్టు దగ్గరికి వస్తే మంచిదే. కానీ ఏ మిసిల్ ఏ కోర్టుకు పోయిందో చెప్పే పట్టిక ఒకటి తెలుగులో గోడకు అంటించి ఉంటే జనానికి ఎన్ని తిరుగుళ్లు తప్పేవి?

సమాచార హక్కు కూడా ఆగిపోయిన చోటు

2005లో సమాచార హక్కు చట్టం వచ్చినప్పుడు మనమంతా సంబురపడ్డం. ఒక్క దరఖాస్తుతో తహశీల్ కచేరీని గడగడలాడించినోళ్లు మన మండలాల్లో ఉన్నరు. కానీ కోర్టు కాగితాల దగ్గర ఆ ఆయుధం పనిచెయ్యదు. 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టు నియమాల మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. కేసుల కాగితాలు కావాలంటే ఆ హైకోర్టు నియమాల ప్రకారమే అడగాలె, సమాచార హక్కు కింద కాదని చెప్పింది. కారణం చెప్పకుండా అడిగే హక్కు ఇచ్చిన చట్టం, కారణం చెప్పాల్సిన నియమం ముందు తలవంచింది. ఇప్పుడు మారాల్సింది హైకోర్టు నియమాలే. మార్చే అధికారం హైకోర్టు చేతిలోనే ఉన్నది.

రెవెన్యూ కోర్టుల కథ ఇంకా అధ్వాన్నం. రైతు తగాదాల్లో చానా మటుకు అక్కడే నడిచినయి. 2020 చట్టం ఆ కోర్టులను రద్దు చేసి పెండింగు కేసులను జిల్లా ట్రిబ్యునళ్లకు పంపింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చి అప్పీళ్ల వ్యవస్థను మళ్లీ తెచ్చింది. ఐదేండ్లల్ల ఇండ్లు మారిన ఫైలు ఇప్పుడు ఏ బీరువాలో ఉన్నదో రైతుకెట్ల తెలుస్తది? ఉత్తర్వు నకలు లేకుండా దేనిమీద అప్పీలు పోవాలె?

భాష ఎవరిది, కాగితం ఎవరిది?

నిజాం కాలంలో మన కోర్టు కాగితాలు ఫారసీల, తర్వాత ఉర్దూల నడిచినయి. ఆ తర్వాత ఇంగ్లీషొచ్చింది. రాజ్యం మారినా, రైతుకు అర్థం కాని భాషలో రైతు బతుకును రాసే ఆనవాయితీ మాత్రం మారలే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2019 జనవరి 1న మన హైకోర్టు మనకు వచ్చింది. 2023 జూన్‌లో మన హైకోర్టు ఒక భూతగాదా కేసులో తీర్పును తెలుగులో ఇచ్చింది. మనసుంటే చెయ్యొచ్చని అది రుజువు చేసింది. ఆ తొవ్వ అక్కడితోనే ఆగొద్దు.

అమెరికాలో కౌంటీ కోర్టు క్లర్కు ఆఫీసుకు పోయి, కేసుతో సంబంధం లేని మనిషి కూడా మామూలు కేసుల ఫైలు అడిగి చూడొచ్చు. అక్కడి ఫెడరల్ కోర్టుల కాగితాలు పేజీకి 10 సెంట్ల లెక్కన ఇంట్ల కూసోని తీసుకోవచ్చు. ఎందుకు కావాలని అడగరు. అక్కడ అంతా సక్కగున్నదని మేం అనడం లేదు. బహిరంగ న్యాయమంటే కాగితం కూడా బహిరంగమేనన్న సూత్రం అక్కడ నిలబడ్డదని మాత్రమే చెప్తున్నం.

అందరికీ ఇస్తే దళారులు దుర్వినియోగం చేస్తరని కొందరి వాదన. అయ్యా, దళారికి ఇప్పుడు దొరకనిదేమున్నది? రియల్ ఎస్టేటోళ్లకు ఏ సర్వే నంబరు మీద ఏ కేసున్నదో ఆ పొలం దున్నే రైతు కంటే ముందే తెలుస్తున్నది. తెల్వనిది రైతుకొక్కనికే. అత్యాచార బాధితుల పేర్లు, పిల్లల కేసులు, ఆలుమగల తగాదాలు దాచాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ మూడింటి పేరు చెప్పి భూమి తీర్పులకు తాళం వేయొద్దు.

అందుకే మేం అడిగేవి ఇవి. తీర్పు, డిక్రీ నకలు అడిగినోళ్లను కారణం అడగొద్దు. భూసేకరణ కేసుల్లో పరిహారం పెంచిన తీర్పు వస్తే, ఆ నోటిఫికేషన్ కిందున్న ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో, మూడు నెలల గడువు తేదీతో సహా అంటించాలె. కేసులు ఊరి పేరుతో, తెలుగులో వెతికే ఏర్పాటు చెయ్యాలె. నకలు దరఖాస్తు, ఛార్జీల చెల్లింపు మండల కేంద్రంలోని మీసేవలోనే జరగాలె. పాత రికార్డులను నాశనం చేసే ముందు వాటి పట్టిక జనానికి చూపెట్టాలె.

ఇవి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూసోవద్దు. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 చట్టం ఇచ్చింది. ఫ్లోరోసిస్‌తో మంచానపడ్డ మన మర్రిగూడ బిడ్డలు ఎంతమంది ఈ హక్కు వాడుకుంటున్నరు? 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవల సంస్థ పలుకుతది. నకలు తీసిపెట్టమని అడగండి. ప్రతి ఊర్ల చదువుకున్న పిల్లలు ఒక నోటు బుక్కు పెట్టి, ఊరి కేసుల నంబర్లు, వాయిదాలు, తీర్పు తేదీలు రాయండి. పంచాయతీ ఆఫీసులో పెట్టండి. సర్కారు చెయ్యని పట్టికను ఊరే చేసుకోవాలె.

భూమి పోయినోడికి మిగిలేది కాగితమే. ఆ కాగితం వాని భాషలో, వాని ఊర్లో, గడువు దాటకముందే వాని చేతికి రావాలె.