పాలు విరిగాయి, పెరుగు తోడుకుంది

కిందటి నెల సంగతి. ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి జ్వరం వచ్చి రెండు రోజులు బడి మానేశాడు. క్లాసు వాట్సాప్ గ్రూపులో టీచరుగారికి నాకొచ్చిన ఇంగ్లీషులో, 'ప్లీజ్ సెండ్ హోంవర్క్స్' అని రాశాను. ఐదు నిమిషాల్లో ఎవరో పిల్లాడి తల్లి నవ్వే బొమ్మ పెట్టి, 'హోంవర్క్ అనాలండీ, చివర ఎస్ రాదు' అంది. ఆ కింద ఇంకో నలుగురి నవ్వు బొమ్మలు. ఫోనులో అది చూసిన మావాడు, 'అమ్మా, ఇకమీదట గ్రూపులో నువ్వేం రాయకు' అన్నాడు.

నేను చదివింది ఇంటరు, అదీ తెలుగు మీడియం. మనసు చివుక్కుమని ఊరుకున్నాను. ఆ తర్వాత యూనిట్ టెస్టుకి ఏయే పాఠాలో అడగాల్సి వచ్చినా అడగలేదు. వాడు ఒక పాఠం చదవకుండానే వెళ్ళి పరీక్ష రాసొచ్చాడు. ఒక్క 'ఎస్' కోసం ఇంత నష్టమా అనిపించి, డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మా చెల్లెల్ని పట్టుకున్నాను. నాకర్థమైంది మీకూ చెబుతాను, మీలో ఎవరికైనా అక్కరకొస్తుంది.

ఇంగ్లీషు వాళ్ళు నామవాచకాలను రెండు రకాలుగా చూస్తారు, లెక్కపెట్టేవి, లెక్కపెట్టనివి. చెంచా, గరిటె, ఇడ్లీ మొదటి రకం. పాలు, నూనె, పంచదార రెండో రకం. డెన్మార్క్ వ్యాకరణ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924లో వచ్చిన తన పుస్తకంలో ఈ రెండో రకాన్ని 'మాస్ వర్డ్స్' అన్నాడు. రాశిగా ఉండే మాటలన్నమాట. గుర్తుపట్టడానికి ఓ చిట్కా. గిన్నెలో పాలు సగం ఒంపేసినా మిగిలినవి పాలే. కుర్చీని సగానికి కోస్తే అది కుర్చీ కాదు. లెక్కపెట్టేవాటికి 'మెనీ', రాశికి 'మచ్'. హౌ మెనీ ఇడ్లీస్, హౌ మచ్ చట్నీ.

ఇంతవరకూ బాగానే ఉంది కదా? చిక్కంతా ఇక్కడే. ఏది రాశి, ఏది లెక్క అన్నది ఆ వస్తువులో లేదు, భాషలో ఉంది. మన తెలుగే చూడండి. రాత్రి 'పాలు కాగాయి' అంటాం, బహువచనం. తోడేసి పడుకుంటే తెల్లారేసరికి 'పెరుగు తోడుకుంది', ఏకవచనం! 'వడ్లు ఎండాయి' అన్న నోటితోనే 'ధాన్యం ఎండింది' అంటాం. కళ్ళంలో ఉన్నది ఒకటే కుప్ప. ఇంగ్లీషు వాళ్ళూ అంతే. 'రైస్' వాళ్ళకి రాశి, పప్పు దగ్గరికొచ్చేసరికి 'లెంటిల్స్' అని బహువచనం. గోధుమలకి 'వీట్' అని ఏకవచనం, ఓట్స్‌కి మాత్రం ఎస్ ఉండాలి. బియ్యపు గింజ కంటే ఓట్స్ గింజకి ఏం ఎక్కువైందో ఆ దేవుడికే తెలియాలి.

మనం తప్పేది ఎక్కడంటే, మనకి లెక్కకొచ్చేవి వాళ్ళకి రాశి అయినచోట. మనకి నగలు, సలహాలు, సామాన్లు అన్నీ బహువచనాలే. వాళ్ళకి జ్యూయలరీ, అడ్వైస్, లగేజ్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, హోంవర్క్, వేటికీ చివర ఎస్ రాదు. ఒక్కటని చెప్పాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అంటారు, మనం 'చెంబెడు నీళ్ళు' అన్నట్టు. 'న్యూస్' మాత్రం చివర ఎస్ పెట్టుకుని ఏకవచనంగా తిరుగుతుంది. ఫ్రెంచి వాళ్ళు సలహాలను మనలాగే లెక్కపెడతారట. నాకు కాస్త ధైర్యమొచ్చింది.

కొన్ని మాటలు రెండు పక్కలా ఉంటాయి. ముందు 'ఎ' వస్తే అర్థమే మారిపోతుంది. గ్లాస్ అంటే గాజు, 'ఎ గ్లాస్' అంటే తాగే గ్లాసు. పేపర్ కాగితం, 'ఎ పేపర్' పొద్దున్నే వచ్చే పత్రిక. 'ఐ ఏట్ చికెన్' అంటే కోడికూర తిన్నానని. 'ఐ ఏట్ ఎ చికెన్' అంటే కోడినంతా ఒక్కరే లాగించారని! 'హెయిర్' కూడా ఇంతే. తలంతా కలిపి హెయిర్, పులుసులో కనబడితే 'ఎ హెయిర్'. మనకి జుట్టు, వెంట్రుక అని విడివిడిగా రెండు మాటలున్నాయి, ఆ బాధ లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది బఠాణీల కథ. పూర్వం ఇంగ్లీషులో బఠాణీని 'పీజ్' అనేవారు. చివరి శబ్దం విని జనం అది బహువచనం అనుకున్నారు. దాన్ని కోసేసి పదిహేడో శతాబ్దం నాటికి 'పీ' అనే ఏకవచనం పుట్టించారు. అంటే ఇంగ్లీషు వాళ్ళే ఎస్ దగ్గర పొరబడ్డారు, ఆ పొరబాటే ఇవాళ డిక్షనరీలో ఒప్పై కూర్చుంది. మా చెల్లెలు ఇది చెప్పినప్పుడు వంటింట్లో పడీపడీ నవ్వాను. మావారు వచ్చి ఏమైందని అడిగారు కూడా.

మొన్న సోమవారం మళ్ళీ గ్రూపులో రాశాను, 'హౌ మచ్ హోంవర్క్ టుడే మేడమ్?' అని. మావాడు భుజం మీంచి తొంగిచూసి ఏమీ అనలేదు. టీచరుగారు ఏ పేజీలో ఏం రాయాలో వివరంగా పంపారు. పనిలో పనిగా వచ్చే యూనిట్ టెస్టుకి ఏయే పాఠాలో కూడా అడిగేశాను.