కిటికీ ఉన్న గది ఎవరిది?

అన్నయ్య షష్టిపూర్తికి ఈసారి హోమాలూ వద్దు, కల్యాణమండపమూ వద్దు, సింగపూరు వెళ్ళి అక్కణ్ణుంచి ఓడలో నాలుగురోజులు తిరిగొద్దామన్నాడు మా మేనల్లుడు. అందరూ సరేనన్నారు. కాకినాడలో అన్నయ్య వాళ్ళింట్లో భోజనాల బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టి ఓడ పటం చూపించాడు. ఒక్కో అంతస్తూ తేనెపట్టులా ఉంది, నిండా చిన్నచిన్న గడులు. మేం పదకొండు మందిమి, గదులు నాలుగు. అన్నయ్య, మేనల్లుడు, అల్లుడు ముగ్గురూ కూర్చుని కాగితంమీద పెన్సిల్‌తో పేర్లు రాస్తున్నారు. వదిన, కోడలు, మేనకోడలు లోపల పెసరట్లు వేస్తున్నారు.

బాల్కనీ గది అన్నయ్యకీ వదినకీ. ఇంకో బాల్కనీ గది మేనల్లుడికీ భార్యాపిల్లలకీ. కిటికీ గది మేనకోడలికీ అల్లుడికీ. "లోపలి గది" అమ్మకీ, పిన్నికీ, నాకూ.

"లోపలి గదంటే ఏమిట్రా?" అన్నాను.

"కిటికీ ఉండదత్తా. అయినా రాత్రి పడుకోడానికేగా! పగలంతా నువ్వెలాగూ పైన కూచుని చదువుకుంటావు."

వాడు చెడ్డవాడు కాదు. నన్ను ప్రేమగా చూసుకుంటాడు. అందుకే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది. చెడ్డవాళ్ళయితే పోట్లాడి ఊరుకుందుము.

లోపలి గది... ఆ మాట నాకు కొత్తది కాదు. మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. వీధరుగు, సావిడి మగవాళ్ళవి. గాలీ వెలుతురూ కబుర్లూ అన్నీ అక్కడే. ఆడవాళ్ళ గదులకి వాళ్ళ పేర్లుండేవి కావు, వాళ్ళ పనుల పేర్లో ఒంటి బాధల పేర్లో ఉండేవి. వంటిల్లు, పురిటిగది. బయటుంటే పెరటి వసారా. భర్త పోయాక మా అమ్మమ్మ ఆడపడుచుకి ధాన్యం కొట్టుపక్కన చీకటిగది ఇచ్చారు. "ఆవిడకి ఎండపడదు" అనేవారు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా అని చిన్నప్పుడు నేనూ అడగలేదు. ఇప్పుడు ఆ లోగిలి లేదు, అమ్మేశారు. కాని దాని పటం మాత్రం మా వాళ్ళ తలల్లో పదిలంగా ఉంది. పదమూడంతస్తుల ఓడ దొరగ్గానే దాన్ని మళ్ళీ గీసేశారు.

"నాకు వేరే గది కావాలి. కిటికీ ఉన్నది" అన్నాను.

అప్పుడు బయటపడింది ధరల సంగతి. ఓడ గదుల ధరలన్నీ గదికి ఇద్దరు చొప్పున లెక్కకట్టి, మనిషికింత అని రాస్తారు. ఒక్కరే ఉంటామంటే ఆ లేని రెండో మనిషి డబ్బులు కూడా, చాలాచోట్ల పూర్తిగా, మనమే కట్టాలి. అదే గదిలో మూడో మనిషీ నాలుగో మనిషీ చేరితే వాళ్ళకి చవక. అంటే కుటుంబంలో ఇరుక్కుంటే బహుమానం, విడిగా ఉంటే జుల్మానా. ఒంటరి మగవాడూ కడతాడు కదా అంటారు. కడతాడు. కాని అతను వేరే గది అడిగితే "పాపం, ప్రైవసీ కావాలి" అంటారు. నేనడిగితే బల్లచుట్టూ ఒక్క క్షణం నిశ్శబ్దం. తరవాత అన్నయ్య, "ఎందుకే అమ్మడూ, అమ్మ దగ్గర ఎవరుంటారు?" అన్నాడు. పెళ్ళి చేసుకోని ఆడదాని సమయం ఇంట్లో అందరి ఉమ్మడి ఆస్తి.

ఒంటరి ప్రయాణీకులకోసం కొత్తగా గదులు కట్టారు కదా అని మేనల్లుడు వెతికి చూపించాడు. నిజమే. 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్ అనే ఓడలో ఒక్కరికోసమే 128 స్టూడియో గదులు కట్టారు. సంతోషించబోయి వివరం చదివాను. వాటికి కిటికీ ఉంది. అది సముద్రంవైపు కాదు, నడవావైపు! ఒంటరివాళ్ళకి గది దొరికింది, సముద్రం మాత్రం దొరకలేదు.

కాకినాడ కాలేజీలో ముప్ఫైమూడేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని. వర్జీనియా వుల్ఫ్ 1929లో అచ్చువేసిన తనదైన గది పుస్తకాన్ని ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో లెక్కలేదు. అందరికీ గదీ, ఏడాదికి 500 పౌండ్లూ గుర్తుంటాయి. ఆ పుస్తకం మొదట్లోనే రెండు భోజనాలున్నాయని చాలామంది మర్చిపోతారు. మగవాళ్ళ కాలేజీలో చేపలూ, పిట్టమాంసమూ, వైనూ. ఆడవాళ్ళ కాలేజీలో నీళ్ళచారులాంటి సూపూ, ఎండు ప్రూన్లూ, కస్టర్డూ. ఎక్కడ పడుకుంటాం, ఏం తింటాం, ఎవరి పక్కన కూచుని తింటాం అన్నవి ఆలోచనకి సంబంధంలేని చిన్న విషయాలు కావని చెప్పడానికే ఆమె అలా మొదలుపెట్టింది. నేనది పరీక్షకి వచ్చే ప్రశ్నగా చెప్పాను తప్ప, మా ఇంటి భోజనాల బల్లకి ఎప్పుడూ అన్వయించలేదు.

సరే, నా పెన్షన్ డబ్బుతో రెండు టిక్కెట్ల ఖరీదు పెట్టి కిటికీ గది తీసుకున్నాను.

ఇక భోజనాల ఏర్పాటు. పెద్ద భోజనశాలలో రెండు పంక్తులు. మొదటిది సాయంత్రం ఆరింటికి, రెండోది ఎనిమిదిన్నరకి. ఏ పంక్తో ముందే చెప్పాలి. పిల్లలకీ అమ్మకీ ఆరింటికే ఆకలి. అన్నయ్యకీ అల్లుడికీ పైన డెక్‌మీద గ్లాసులతో కూచున్నాకగాని ఆకలెయ్యదు. కాబట్టి సగంమందికి మొదటి పంక్తి, సగంమందికి రెండోది రాశారు. వదిన పేరు ఏ పంక్తిలో ఉందో చూడండి అన్నాను. రెండోదాంట్లో ఉంది, అన్నయ్య పక్కన. ఓడలో జరిగింది మాత్రం వేరు. ఆరింటికి వెళ్ళి మనవలకి తినిపించి, అమ్మకి అన్నం మెత్తగా కలిపిపెట్టేది. ఎనిమిదిన్నరకి అన్నయ్య పక్కన కూచుని ఆయనకి కారం సరిపోయిందో లేదో చూసేది. రెండు పంక్తుల్లోనూ ఆవిడ ఉంది, ఒక్కదాంట్లోనూ తినలేదు. పదింటికి అమ్మ గదిలో మంచంమీద కూచుని, కాకినాడనుంచి తెచ్చిన కాజా ఒకటి కొరుక్కుంటూ కనిపించింది.

ఆవిడ సామాన్లో చిన్న కరెంటు కుక్కర్ కూడా పెట్టింది. అలాంటివి ఓడలోకి తీసుకెళ్ళనివ్వరు. ఎక్కేటప్పుడే తీసుకుని, దిగేటప్పుడు ఇస్తామన్నారు. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను లోలోపల సంతోషించాను, నలభై ఏళ్ళుగా నా వాదనలు చెయ్యలేని పని ఒక సెక్యూరిటీ గార్డు చేశాడని. నా సంతోషం ఎంత తొందరపాటుదో తరవాత తెలిసింది. కుక్కర్ పోతే వంటిల్లు పోదు. విమల "వంటిల్లు" చదివి చప్పట్లు కొట్టినవాళ్ళం, ఆ మాత్రం మనకి తెలిసుండాలి.

ప్రత్యేక భోజనం కావాలంటే రాయడానికి ఫారంలో ఒక గడి ఉంటుంది. పిన్ని పేరెదురుగా "ఉల్లి, వెల్లుల్లి లేకుండా" అని మేనల్లుడు రాసేశాడు. ముప్ఫై ఒక్కేళ్ళక్రితం బాబాయి పోయినప్పుడు ఆవిడకి పెట్టిన నియమం అది. ఎవరూ మళ్ళీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. రెండోరోజు మధ్యాహ్నం బఫేలో నా పక్కన నిలబడి, వెల్లుల్లి రాసి కాల్చిన రొట్టెముక్క ఒకటి పళ్ళెంలో వేసుకుంది. తిని, "బావుందే" అంది. ఇంకోటి వేసుకుంది. అంతే. ఇద్దరం దాని గురించి ఇంకేం మాట్లాడుకోలేదు. ఆ ప్రయాణంలో నేను చూసిన గొప్ప దృశ్యం అది, సూర్యోదయం కాదు.

ఇప్పుడు నేను తప్పించుకోవాలని చూసిన విషయం చెప్పాలి.

మూడో రాత్రి నిద్రపట్టక అమ్మ గదికి వెళ్ళాను. తలుపు తీసింది వదిన. మొదటి రాత్రినుంచీ ఆవిడ అక్కడే పడుకుంటోందట. అమ్మకి ఎనభైనాలుగు, రాత్రి రెండుమూడుసార్లు లేపి బాత్‌రూంకి తీసుకెళ్ళాలి. పిన్నికి మోకాళ్ళు. నేను ఖాళీచేసిన మూడో మంచంలోకి, గోడనుంచి కిందికి దించే ఆ పైమంచంలోకి, అరవైకి దగ్గరపడ్డ వదిన నిచ్చెనెక్కి వెళుతోంది. "నువ్వెళ్ళి పడుకో, నాకలవాటే" అంది. మరి బాల్కనీ గదిలో? అన్నయ్య ఒక్కడూ. తలుపు తీసుకుని, సముద్రపు గాలికి హాయిగా నిద్రపోతున్నాడు.

చూశారా లెక్క! ఒంటరి గది అడిగి, పోట్లాడి, రెండు టిక్కెట్లు కట్టి తెచ్చుకున్నదాన్ని నేను. అడక్కుండా, పైసా ఎక్కువ కట్టకుండా, బాల్కనీతో సహా సంపాదించినవాడు ఆయన. నా కిటికీ ఖరీదు నేననుకున్నట్టు నా పెన్షన్‌లోంచి పోలేదు, వదిన నిద్రలోంచి పోయింది. పటంలో మగవాళ్ళ గడులు సిరాతో రాసినవి, ఆడవాళ్ళవి పెన్సిల్‌తో. ఒక పేరు చెరిపితే ఇంకో ఆడమనిషి పేరు అక్కడికి జరుగుతుంది తప్ప, సిరా గడి కదలదు. వ్యక్తిగత స్వేచ్ఛ అని మనం మురిసిపోయేది చాలాసార్లు ఇంతే. తాళంచెవి నాకు దొరుకుతుంది, బరువు ఇంకొకామె నెత్తికెక్కుతుంది.

"సర్దుకుంటాం" అనే మాట చూడండి. సూట్‌కేసులు సర్దేది మనమే, గదుల్లో సర్దుకునేదీ మనమే.

నా గది ఊడ్చి, దుప్పట్లు మార్చే ఇండోనేషియా అమ్మాయితో రోజూ రెండు ముక్కలు మాట్లాడేదాన్ని. ఎనిమిది నెలల కాంట్రాక్టు, ఇద్దరు పిల్లలు, ఊళ్ళో వాళ్ళని ఆమె తల్లి చూస్తోంది. కిందెక్కడో ఇంకొకామెతో కలిసి ఉండే గది, దానికి కిటికీ లేదు. వదిన బరువు నాకు మూడోరోజుకి కనిపించింది, ఈ అమ్మాయిది మొదటిరోజే కనిపించినా టిప్పు ఇచ్చి మర్చిపోవచ్చుననుకున్నాను. సముద్ర కార్మికులకి 2006లో ఒక అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. 2013లో అమల్లోకొచ్చింది, మన దేశం 2015లో అంగీకరించింది. పనివాళ్ళకి 24 గంటల్లో కనీసం 10 గంటలు విశ్రాంతి ఉండాలని, దాన్ని రెండు విడతలకి మించి ముక్కలు చెయ్యకూడదని, అందులో ఒకటి 6 గంటలకి తగ్గకూడదని అది చెబుతుంది. అమలు ఎక్కడ ఎలా ఉన్నా, కనీసం అడగడానికి కాగితంమీద ఒక లెక్క ఉంది. మా వదినకి ఆ మొదటి మూడు రాత్రుల్లో వరసగా 6 గంటలు దొరకలేదు. ఏ కాగితం చూపించి అడగాలి?

తినడానికి లేని ఆడవాళ్ళున్న దేశంలో ఓడ గదుల గోలేమిటి అని మీలో కొందరికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఈ మా సముద్రం ఒడ్డునుంచే ఒకప్పుడు వేలాదిమంది రంగూన్ కూలికి డెక్ టిక్కెట్లమీద వెళ్ళారు. బర్మాలో తెలుగువాళ్ళందరికీ మన కోరంగి పేరే మిగిలింది. వాళ్ళకి గదే లేదు, కిటికీ మాటెక్కడ? కాని ఈ గోల ఎందుకంటే, పేద ఇంట్లో ఒకే గది ఉంటే "ఏం చేస్తాం, లేదుగా" అనే మాటకి అర్థముంది. మా దగ్గర డబ్బుంది, గదులున్నాయి, వండేవాళ్ళు వేరే ఉన్నారు, వడ్డించేవాళ్ళూ ఉన్నారు. అన్ని సాకులూ పోయాక కూడా ఆడవాళ్ళు లోపలి గదిలోకే చేరారంటే, కారణం లేమి కాదన్నమాట. పెన్సిల్ ఎవరి చేతిలో ఉందన్నదే.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర నిలబడ్డ పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపేసింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. మా ఊళ్ళో మహిళాదినం సభల్లో ఈ కథ చెప్పుకోకుండా ఉండం. నేనే ఎన్నిసార్లు చెప్పానో! దేశనాయకుణ్ణి ఆపడం గొప్పే. సొంత అన్నయ్యని ఆపి "ఈ బాల్కనీకి నీ టిక్కెట్టేది? అమ్మ దగ్గర నీ రాత్రి డ్యూటీ ఎప్పుడు?" అనడం అంతకంటే కష్టమని నాకు ఈ వయసులో తెలిసింది.

అందుకని నేనడిగేవి చాలా మామూలు సంగతులు. గదులు పంచేటప్పుడు పెసరట్ల పొయ్యి ఆర్పి అందరూ బల్లదగ్గర కూచోవాలి. ముసలివాళ్ళ రాత్రి కాపలా ముందే రాసుకోవాలి, కొడుకుల పేర్లతో మొదలుపెట్టి. ఏం తింటారో తినేవాళ్ళనే అడగాలి, ముప్ఫై ఏళ్ళనాటి సమాధానం పనికిరాదు. ఒక మనిషి ఏదో ఒక్క పంక్తిలో కూచుని, వేడిగా, పూర్తిగా తినాలి. ఒక్క మనిషిని ఒక్క మనిషిగానే లెక్కగట్టి ధర చెప్పమని కంపెనీలని అడుగుతూనే ఉండాలి. వేరే గది తీసుకునే నాలాంటివాళ్ళు తాళంచెవి అందుకునే ముందు, తమ మంచంలోకి ఎవరు జరుగుతున్నారో కనుక్కోవాలి.

నాలుగో రాత్రి వదినని నా గదిలో పడుకోబెట్టాను. అన్నయ్య దగ్గరికెళ్ళి, ఈ రాత్రి అమ్మని లేపాల్సింది నువ్వని చెప్పాను. "నాకేం తెలుసే అవన్నీ" అన్నాడు. "నేర్చుకో" అన్నాను. గునుస్తూనే వెళ్ళాడు. రెండుసార్లు లేచాడట, మూడోసారి పిన్ని లేచిందట. వదిన మాత్రం కిటికీకేసి ఒక్కసారి చూసి, కర్టెన్ వేసేసి, పొద్దున్న తొమ్మిదింటిదాకా పడుకుంది. సముద్రం చూడనేలేదు. "ఇంకోసారి వచ్చినప్పుడు చూస్తాలే" అంది.