కొల్లేరులో మనుషులు లేరా?

కొల్లేరు ఫొటోల ఆల్బమ్ ఏది తెరిచినా అవే నాలుగు: శీతాకాలపు మంచు, నారింజ రంగు నీళ్ళు, ఖాళీ దోనె, ఆటపాక గూడబాతులు. అందంగా లేవని ఎవరన్నారు? ఆ అందం కోసం దేన్ని కోసేశారన్నదే నా గొడవ.

ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టుకోడానికి నీళ్ళలో ఇనప స్టాండ్లు నిలబెట్టారు. ఫొటోలో పక్షి ఉంటుంది, స్టాండు ఉండదు. చేపల చెరువు గట్టు కనిపిస్తే క్రాప్. ఇంకో విద్య ఉంది: ఎన్‌డీ ఫిల్టర్ తగిలించి షటర్‌ని 30 సెకన్లు తెరిచి ఉంచితే నీళ్ళు మీగడ కట్టినట్టు వస్తాయి. ఆ 30 సెకన్లలో దోనె వేసుకుని అటుగా పోయినవాడు పొగలా చెరిగిపోతాడు. దానికి ‘ప్రశాంతత’ అని క్యాప్షన్!

1999లో అభయారణ్యం అయిన సరస్సు ఇది. 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ తగువు ఇంకా తీరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి లంక ఊళ్ళ దారులు మునిగాయి. అదీ కొల్లేటి రుతువే కదా, ఆల్బమ్‌లో ఏదీ? లంకల్లో ఉండేవాళ్ళు నీళ్ళకేసి చూసేది వెలుగు కోసం కాదు. మట్టం ఎంత పెరిగింది, ఉప్పుటేరు లాగుతోందా లేదా అని.

‘కెమెరా ఉన్నదే తీస్తుంది’ అంటారు. తీస్తుంది సరే, ఫ్రేము పెట్టేది మీరే కదా! ఈసారి ఆటపాక వెళ్తే నాలుగడుగులు వెనక్కొచ్చి, ఆ ఇనప స్టాండుతో సహా తియ్యండి. గూడబాతుకి లేని నామోషీ మీకెందుకు?