ఇకపై ఈ పాత్రలో...

సీరియళ్లు చూసేవాళ్లకు బాగా అలవాటైన మాట ఇది. నిన్నటిదాకా ఆ ఇంటి కోడలుగా ఏడ్చి, ఎదిరించి, మనింటి మనిషైపోయిన అమ్మాయి ఇవాళ ఉండదు. తెర కింద కొత్త పేరు పడుతుంది. అత్తగారు కొత్తమ్మాయిని పాత పేరుతోనే పిలుస్తుంది. వెళ్లినామె ఎందుకు వెళ్లిందో మనకెవరూ చెప్పరు. సినిమా అవకాశం వచ్చి ఉండొచ్చు, విసిగిపోయి ఉండొచ్చు. కొన్నిసార్లు మాత్రం ఆమె తల్లి కాబోతోంది.

ఆమధ్య హైదరాబాద్ శివార్లలో ఒక షూటింగ్ ఇంటికి వెళ్లాను. హాల్లో సీమంతం సీను. కోడలి పాత్ర వేస్తున్న అమ్మాయికి నడుముకు దిండు కట్టి, పట్టుచీర చుట్టి, చేతుల నిండా గాజులు తొడిగారు. దిండు జారకుండా పిన్నీసులు పెడుతున్న కాస్ట్యూమ్స్ అమ్మాయికి నిజంగానే ఆరో నెల. షాట్ అయ్యాక గాజులు లెక్కపెట్టి డబ్బాలో సర్దుతుంటే, ఎన్నాళ్లు వస్తావమ్మా అని అడిగాను.

"ఒళ్లు సహకరించినన్నాళ్లు మేడమ్. రాని రోజుకి డబ్బుల్లేవు కదా" అంది.

ఈ రంగంలో ఆడవాళ్ల సత్తా ఎవరూ కొత్తగా నిరూపించక్కర్లేదు. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు', ఆ తర్వాత జెమినీలో 'చక్రవాకం', 'మొగలిరేకులు' తీసిన మంజులా నాయుడు మన కళ్లముందే ఉన్నారు. యాంకరింగ్‌లో సుమ ఉన్నారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. అయితే వాళ్లను చూపించి "దారి తెరిచే ఉందిగా" అంటే ఒప్పుకోలేను. సీరియల్ బండి నడిచేది కాల్షీట్ మీద. ఛానెల్ స్లాట్ ఇస్తుంది, నిర్మాత తీస్తాడు, మేనేజర్ మనుషుల్ని పిలుస్తాడు. సెలవు అడగాల్సి వస్తే ఎవర్ని అడగాలి?

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన ఉద్యోగినికి మొదటి ఇద్దరు పిల్లలకూ 26 వారాల జీతంతో సెలవు. పర్మనెంటు ఉద్యోగులకే ఇది అనే వాదన 2000లోనే వీగిపోయింది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్‌రోల్ మీద పనిచేసే కూలీ స్త్రీలకూ ప్రసూతి సెలవు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు ఆ ఏడాది తీర్పు చెప్పింది. రోడ్డు పని చేసే తల్లికి దక్కిన హక్కు సెట్లో పనిచేసే తల్లికి ఎందుకు దక్కదు?

స్లాట్ ఛానెల్ చేతిలో ఉంది కాబట్టి బాధ్యతా దానిదే. నిర్మాతతో రాసుకునే ఒప్పందంలోనే ప్రసూతి సెలవు షరతు పెట్టాలి. కోడల్ని పురిటికి పుట్టింటికి పంపడం మన కథలకు చేతకాని పని కాదు. ఆ కాస్ట్యూమ్స్ అమ్మాయి సంగతి అంతకన్నా తేలిక. ఆ నెలల డబ్బు చేతికివ్వాలి, తిరిగొచ్చేదాకా ఆమె పని ఆమెకే ఉంచాలి.