సమ్మె ఓడినా సీటు గెలిచారు

సమ్మె ఓడిపోతే ఇక అంతేనా? మిల్లు గేటు ముందు నెలల తరబడి కూర్చున్న ఇళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆస్ట్రేలియాలో గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీలు దీనికి ఎప్పుడో ఒక జవాబు చెప్పారు.

క్వీన్స్‌లాండ్ అప్పటికి బ్రిటిష్ వాళ్ల వలస రాజ్యం. యూనియన్‌లో లేనివాళ్లను తమకు నచ్చిన షరతులకు పనిలో పెట్టుకుంటామని గొర్రెల ఆసాములు పట్టుబట్టారు. 1891 జనవరిలో కూలీలు సమ్మెకు దిగారు. బార్కాల్డిన్ ఊరి పక్కన వందల మంది గుడారాలేసుకుని కూర్చున్నారు. సర్కారు సైనికుల్ని దింపింది. నాయకుల మీద కుట్ర కేసు పెట్టి, మూడేళ్ల శిక్ష వేసి, సెయింట్ హెలెనా దీవి జైలుకు తోలింది. తిండికి, డబ్బుకు కటకటై, జూన్‌కల్లా సమ్మె విరిగిపోయింది.

మరుసటి ఏడే ఆ పల్లెసీమ సీటు బార్కూకు ఉపఎన్నిక వచ్చింది. కూలీలు తమలోనే ఒకణ్ణి నిలబెట్టారు. పేరు టామీ రయాన్. కుట్ర కేసులో అరెస్టయి, నిర్దోషిగా బయటికొచ్చిన మనిషి. 1892 మార్చిలో గెలిచి పార్లమెంటులో కూర్చున్నాడు.

ఇదేమంత తేలిగ్గా జరగలేదు. ఓటు కావాలంటే ఆరు నెలలు ఒకే నియోజకవర్గంలో ఉండాలి. ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట పనిచేసే కూలీకి అదెలా కుదురుతుంది? ఆసామికి మాత్రం ఎన్ని నియోజకవర్గాల్లో ఆస్తి ఉంటే అన్ని ఓట్లు! ఆడవాళ్లకు 1905 దాకా ఓటే లేదు. ఆ నేల అసలు వారసులైన ఆదివాసులను జాబితాలోకే రానివ్వలేదు. ఇంకో మాటా దాచకూడదు: ఆ యూనియన్ చైనా కూలీలను తనలో చేర్చుకోలేదు. హక్కు కోసం కొట్లాడినవాళ్లే పక్క కూలీకి తలుపేశారు.

రయాన్ 1893 దాకానే ఉన్నాడు. కానీ వేసిన బాట చెరగలేదు. 1899 డిసెంబరులో అక్కడే లేబర్ ప్రభుత్వం ఏర్పడింది. ఉన్నది వారమే అయినా, ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. తర్వాత అదే బార్కూ నుంచి గెలిచిన ఇంకో రయాన్, టి.జె. రయాన్, 1915లో ఆ రాష్ట్ర ప్రధాని అయ్యాడు.

అక్కల్లారా, అన్నల్లారా, పని కోసం ఊళ్లు మారే ఇళ్లు మనవి కూడా. ఇల్లు మారినా, పిల్లలకు 18 నిండినా, ఓటరు జాబితాలో పేరుందో లేదో ఈ నెలలోనే చూసుకోండి. ఎన్నిక వచ్చాక వెతికితే లాభం లేదు.